సత్తెమ్మ సాల

వాన పట్టిందంటే నా ముక్కుకి ముందు తగిలేది తడిసిన గోగు కర్రల వాసన. ఇవాళ పొద్దున్న పశువుల సాలలోకి మళ్లీ వీధి నీళ్లు వచ్చాయి. నేను పరిచిన కట్టలు తడిసి ఆ వాసన లేచేసరికి చేతిలో చీపురు ఆగిపోయింది. సత్తెమ్మత్త గుర్తొచ్చింది. నేను ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. రాయడం ఇదే మొదలు. అయినా ఆవిడ గురించి నేను కాకపోతే ఎవరు రాస్తారు?

మా ఊరు బొబ్బిలి దగ్గర. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింట్లో సత్తెమ్మత్త ఒక్కర్తే ఉండేది. తోడు ఒక గేదె. వానాకాలంలో సాల ఎలా చూసుకోవాలో నాకు నేర్పింది ఆవిడే. నార తీసేసిన గోగు కర్రల్ని కట్టలు కట్టి అడ్డంగా పరిచేది. వాటి మీద ఊక, పొయ్యిలో బూడిద చల్లేది. "ముందు నీళ్లు పోడానికి దారి సూడు కోడలా. బురద మీద గడ్డేస్తే అదీ బురదే అవుతాది," అనేది.

తర్వాత మా వీధికి సిమెంటు రోడ్డు వేశారు. మోకాలెత్తు లేపి, పక్కనున్న కాలువ పూడ్చేశారు. ఆ ఏడు ముసురు పట్టేసరికి వీధి నీళ్లన్నీ ఆవిడ సాలలోకే దిగాయి. పరిచిన కర్రలు పరిచినట్టే తేలిపోయాయి. గేదె నిండు చూడి. గిట్టలు మెత్తబడి నిలబడలేకపోయేది, ఆ నీళ్లలో పడుకోనూ లేకపోయేది. అందులోనే ఈనితే దూడ దక్కదని ఆవిడ భయం. రోడ్డు వేయించిన పెద్దమనిషి ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆయన చేతిలో ఫోను దించకుండానే, "గేదెని అమ్మేసీ అప్పా, ఈ వయసులో నీకెందుకీ పాట్లు," అన్నాడు.

ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి రోలు మీద చెయ్యేసి, "పట్టు కోడలా," అంది. ఇద్దరం రోలు దొర్లించుకెళ్లి రోడ్డు నడిమధ్యన పెట్టాం. గేదెని పైకెక్కించి పలుపు ఆ రోలుకి కట్టేసింది.

కాసేపటికి పెద్దమనిషి కారు వచ్చి ఆగింది. హారన్ కొట్టి కొట్టి దిగాడు.

"ఇది రోడ్డప్పా. గేదెని ఇప్పేసీ."

"రోడ్డు కాదు తమ్ముడా, సాల. నా సాలలో నీ రోడ్డు నీళ్లున్నాయి. నీ రోడ్డు మీద నా గేదున్నాది. ముందు నీ నీళ్లు తీసుకెళ్లు."

"మనుసులు తిరగాలా వద్దా?"

"తిరగండి, ఎవులొద్దన్నారు? పేడ సూసుకుని నడవండి."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆయన నా వైపు తిరిగి, "కొత్త కోడలివి, నువ్వైనా సెప్పమ్మా," అన్నాడు. నేను వెళ్లి గడ్డి మోపు తెచ్చి గేదె ముందు పడేశాను. ఆయన కారు వెనక్కి తీసుకున్నాడు.

మేం పైన కట్టిన టార్పాలిన్ కింద, ఆ సిమెంటు మీదే గేదె ఈనింది. పెయ్యదూడ. రోడ్డు పగలగొట్టి అడ్డంగా తూము వేసేదాకా ఆవిడ రోలు కదపనివ్వలేదు.

సత్తెమ్మత్త ఇప్పుడు లేదు. ఆ పెయ్య కడుపున పుట్టిన గేదె నా సాలలో ఉంది. ఆటోవాళ్లు రోడ్డు మీద ఆ చోటుని ఇప్పటికీ సత్తెమ్మ సాల అనే అంటారు. ఈ వానకి తూము పూడిపోయింది. పంచాయతీకి వెళ్లి తీయించమంటే నిన్న "సూద్దాం" అన్నారు. ఇవాళ మళ్లీ వెళ్లి, సాయంత్రం దాకా చూస్తానని చెప్పి వచ్చాను.

ఆవిడ రోలు ఇప్పుడు మా గుమ్మం పక్కనే ఉంది.