లోపల వదిలే గుడ్డ

కత్తెర పెట్టే ముందు సుద్దగీత మీద ఈ చివర నుంచి ఆ చివరికి బొటనవేలి గోరు ఒకసారి నడిపిస్తుంది. ఎంత తొందరున్నా అంతే. గోరు నడిచాకే కత్తెర నడుస్తుంది.

టైలరింగు షాపులో ఆమె కటింగ్ మాస్టరు. ఇరవై రెండేళ్ళుగా మగవాళ్ళ చొక్కాలే కత్తిరిస్తోంది. అలాంటివే తొడుక్కుంటుంది. జుట్టు చెవులు దాటదు. కొత్తగా వచ్చినవాళ్ళు కొలతలకి చేతులు చాపి, ఆమె గొంతు విని ఉలిక్కిపడతారు. కింది వాటా ఇంటావిడ మెట్ల మీద ఎదురైతే, "ఏం మగరాయుడా, మీసాలెప్పుడు మొలిపిస్తావు?" అంటుంది. వెనకే దిగే నర్సును మాత్రం, "తిన్నావా తల్లీ?" అని పలకరిస్తుంది.

నర్సూ ఆమే పదకొండేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నారు. మంచాలు రెండు. రెండోది మడతపెట్టిన బట్టలకి.

నర్సుది నడుము దాటిన జడ. ఆ జడ చూసి లోకం మురిసిపోతుంది, ఈ క్రాపు చూసి మూతి తిప్పుకుంటుంది. బతుకు ఇద్దరిదీ ఒకటే. రాళ్ళు మాత్రం ఒక్కరికే తగులుతాయి.

సోమవారం, నర్సు పనిచేసే ఆసుపత్రి మందుల కౌంటరులో పనిచేసే అతను షాపుకి తెల్లగుడ్డ తెచ్చాడు.

"గురువారానికి కావాలి మాస్టర్ గారూ. మీ గదిలో ఉంటారే నర్సు గారు, వాళ్ళన్నయ్య వస్తున్నారట. సంబంధం మాట్లాడ్డానికి నన్ను చూడాలన్నారట." అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆదివారమే నర్సు చెప్పింది. "అన్నయ్య రెండు రోజులుంటాడు. ఆ రెండు రోజులూ నువ్వు షాపులో పడుకోగలవా?" ఆమె సరేనంది.

టేపు చుట్టింది. ఛాతీ నలభై. అందగాడేం కాదు, బొజ్జ కూడా మొదలైంది. కానీ బస్టాపులో నర్సు పక్కన అతను నిలబడితే ఎవరూ తల తిప్పి చూడరు. గొడుగు పట్టినా చూడరు. చూసినా, ఈడూ జోడూ కుదిరిందంటారు. పదకొండేళ్ళలో ఆమె ఏ రోడ్డు మీదా నర్సుకి గొడుగు పట్టలేదు.

ఆ మధ్యాహ్నం గోరు నడిపించకుండానే కత్తెర పెట్టింది.

పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలడం ఆమె పద్ధతి. మనిషి లావెక్కితే విప్పి వదులు చేయవచ్చు. ఈసారి వదల్లేదు. పైగా గీతకి అరంగుళం లోపలికే కోసింది. మిగిలింది మిషన్లు తుడిచే పీలికల్లో పడేసింది.

కాజాలు కుట్టే తాత కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"అమ్మాయ్, లోపల గుడ్డేది?"

"మర్చిపోయాను."

"నువ్వా! నేను దారం లేకుండా కాజాలు కుట్టానంటే నమ్ముతావా?"

ఆమె తర్వాతి గుడ్డ పరిచింది. తాత మళ్ళీ కాజా మీదికి వంగాడు.

బుధవారం సాయంత్రం అతను చొక్కా తొడిగి చూసుకున్నాడు. మూడో గుండీ పెట్టగానే రెండోది ఊడి బల్ల కిందికి దొర్లింది. మిషన్ల మీదివాళ్ళు పకపకా నవ్వారు.

"ఊపిరి బిగబట్టు పెళ్ళికొడుకా, ఇంకోటి ఎగిరేను!"

"మాస్టరుకి మగాడంటేనే పడదాయె, కొలతెలా కుదురుతుంది!"

అతను వాళ్ళతో కలిసి నవ్వలేదు.

"తప్పు నాదే మాస్టర్ గారూ, లావెక్కినట్టున్నాను. మీ కొలత తప్పదని నర్సు గారు చెప్పారు."

"ఆవిడ చెప్పిందా?"

"ఆవిడే కదా ఇక్కడికి పంపింది. మా ఇంటి మనిషి ఉంది, ఆవిడ దగ్గరే కుట్టించుకోండి, అన్నారు."

ఊడిన గుండీ కోసం ఆమె బల్ల కిందికి వంగింది. చాలాసేపు వెతికింది. రేపు పొద్దున్నకల్లా సరిచేసి ఇస్తానని, చొక్కా సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

నర్సు జడ విప్పి దువ్వుకుంటోంది.

"అతని చొక్కా కావాలనే బిగుతుగా కోశాను."

"ఎందుకు?"

"అతను నీ పక్కన నిలబడితే ఎవరూ చూడరు. కుళ్ళు. అంతే."

దువ్వెన ఆగింది.

"నాకు లేదనుకున్నావా కుళ్ళు? పెళ్ళెప్పుడని నిన్ను ఎవరైనా అడిగారా? నీ క్రాపు చూసి నోరు మూసుకుంటారు. నేను ఈ జడ వేసుకుని రోజుకొకరికి అబద్ధం చెబుతూ చావాలి."

"తిట్లు నాకు, పలకరింపులు నీకు."

"మార్చుకుందామా?"

ఇద్దరికీ నవ్వు రాలేదు. షాపులో పడుకునే మాట నర్సు ఎత్తలేదు. ఆమె కూడా బట్టలు సర్దుకోలేదు.

తెల్లవారగానే ఆమె తన తెల్లచొక్కా ఒకటి ఇంట్లోనే బల్ల మీద పరిచింది. దాని వీపు మీద రెండు పట్టీలు గీసింది. గోరు నడిపించి కోసింది. అతని చొక్కా పక్క కుట్లు విప్పి, గదిలోని పాత మిషను మీద ఆ పట్టీలు అతికింది. లోపల అంగుళం వదిలింది.

తలుపు చప్పుడైంది. నర్సు ఆమె వైపు చూసింది. ఆమె సూది కాలరుకి గుచ్చుకుని, తనే వెళ్ళి తీసింది.

గుమ్మంలో అన్నయ్య. ఆమె క్రాపునీ, చొక్కానీ, మళ్ళీ క్రాపునీ చూశాడు.

"ఇక్కడ మా చెల్లెలు..."

"ఇక్కడే. మేమిద్దరం ఉంటాం. రండి అన్నయ్యా," అని అతని చేతిలో పెట్టె అందుకుంది.