మా తాత మీద పాఠం

మా వీధి సోషల్ మాస్టారు మొన్న సోమవారం పొద్దున్నే పోయారు. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.

రిటైరయ్యాక ఆయన రోజూ మా అరుగు మీద కూర్చుని నాకు పేపరు చదివి వినిపించేవారు. మా పార్టీని తిట్టిన వార్త వస్తే వదిలేయమనేవాణ్ణి.

"మీకు నచ్చినవే చెప్పడానికి మీ బావమరిది ఉన్నాడు కదండీ" అని, అదే ఇంకా గట్టిగా చదివేవారు.

ఒకరోజు దక్షిణ కొరియా బడి పాఠాల గురించి చదివారు. జపాను వాళ్ళు తమను పెట్టిన బాధలన్నీ అక్కడి పిల్లలకు పూసగుచ్చినట్టు చెబుతారట. తమ సైనికులు వియత్నాంలో చేసినవి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేస్తారట.

"వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలు. మధ్యలో మనకేంటండి?" అన్నాను.

"మన బళ్ళో మీ తాతగారి పాఠం మాటేంటండి మరి?"

తెల్లవాళ్ళ కాలంలో జెండా పట్టిన ఇద్దరు కుర్రాళ్ళను మా తాత ధాన్యం గాదెలో దాచి కాపాడాడని ఆ పాఠం. ఆగస్టు పదిహేనుకి పిల్లలు అప్పజెబుతారు. దాచిన మాట నిజమే. అన్నం పెట్టి, పోలీసులను పిలుచుకొచ్చిందీ ఆయనే. ఒక కుర్రాడు జైల్లోనే పోయాడు. మా నాన్న చివరి రోజుల్లో నాకు చెప్పాడు.

మాస్టారు సర్వీసులో ఉండగా పాత పోలీసు కాగితాలు చూసి ఆ సంగతి పాఠంలో చేరిస్తే, పదిమందిని వెంటేసుకెళ్ళి ఆ ముక్క కొట్టేయించింది నేనే. అయినా ఆయన నాకు పేపరు చదివారు.

"నేను చెబితే కక్షంటారు. మీరు చెప్పండి, పక్కన నేనుంటాను" అన్నారు ఆ రోజు.

"నా ప్రాణం ఉండగా చెప్పనండి" అన్నాను.

నా ప్రాణం ఉంది. ఆయనదే పోయింది.

నిన్న బళ్ళో సంతాప సభ. సోషల్ మాస్టారు కదా అని పిల్లల చేత ఆ పాఠమే అప్పజెప్పించారు. ఉండబట్టలేక మైకు దగ్గరకెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను.

హెడ్మాస్టరు నా భుజం పట్టుకున్నాడు. "దుఃఖంలో ఉన్నారండి పెద్దాయన. సొంత తాతగారి గొప్ప కూడా ఒప్పుకోని వినయం చూడండి."

"వినయం కాదు, నిజమేనయ్యా!" అని అరిచాను. అప్పటికే మైకు ఆపేశారు. చచ్చిపోయిన కుర్రాడి తాలూకు వాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. వాళ్ళను పిలవనే లేదట.

ముందు వరుసలో పిల్లలు చప్పట్లు మొదలెట్టారు. ఆపమని చెయ్యి ఊపాను. వాళ్ళూ నవ్వుతూ నాకు చేతులు ఊపారు.