ఫోకస్‌కు మా మేడమ్ రాయించిన మాటలు

మా ఇంగ్లీషు మేడమ్ పోయారన్న కబురు నాకు గంట ఆలస్యంగా తెలిసింది. ఆ గంటసేపూ నేను సూర్యాపేటలో ఒక సభలో మైకు పట్టుకుని ప్రైవేటు కాలేజీలను తిడుతున్నాను. చప్పట్లయి, చాయ్ చేతికొచ్చాక ఫోను చూసుకుంటే హుజూర్‌నగర్ నుంచి మేడమ్ చెల్లెలు ఆరుసార్లు చేసి ఉంది. తిరిగి చేశాను.

"అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగింది, పేపరు సదివింది, కుర్సీల అట్లనే ఒరిగింది. నీ బిడ్డకియ్యమని ఒక నోట్‌బుక్ రాసి పెట్టింది. వచ్చి తీస్కపో."

పక్కనున్న మిత్రుడు నా భుజం తట్టి, సునాయాసంగా పోయారు, అదృష్టం అన్నాడు. ఆయన మీద కోపమొచ్చింది. నాకు చాలామంది మీద కోపమొస్తుంది, అది చదివేవాళ్ళకు కొత్త కాదు. కానీ ఈ మాట మాత్రం తప్పు. మేడమ్ రెండు నెలలుగా ఒకే ఒక పని కోసం ఎదురుచూసి, అది కాకుండానే పోయారు. ఆ పని నేను చెయ్యాల్సింది.

హుజూర్‌నగర్ సర్కారు బడిలో ఎనిమిదో తరగతి నుంచి ఆమె మాకు ఇంగ్లీషు చెప్పారు. ఎర్రపెన్ను కొప్పులో గుచ్చుకుని తిరిగేవారు. పిల్లలెవరైనా నోరు తెరిస్తే చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసి వినేవారు. మేం ఎంత పిచ్చి ప్రశ్న అడిగినా సరే, ముందు ఆ సుద్దముక్క కింద పెట్టడం, తర్వాతే వినడం. పాఠం చెప్పే పద్ధతి కూడా ఆమెదే. కొత్త మాట బోర్డు మీద రాసి అర్థం చెప్పకుండా ఇంటికి పంపేవారు. "ఈ పనిని మీ ఇంట్ల ఏమంటరో ఇని రాసుకరాండ్రి" అనేవారు. వాక్యం కింద ఆ మాట ఎవరన్నారో పేరుండాలి. పేరు రాయకపోతే ఎర్రసిరాతో "ఎవరన్నరు?" అని రాసి నోట్‌బుక్ వెనక్కిచ్చేవారు. "మాట తెచ్చినవ్ సరే, మనిషేడి?" అనేవారు. ఇంటూ మార్కు మాత్రం ఎవరికీ పెట్టినట్టు గుర్తు లేదు. పేరుంటే టిక్కు, లేకపోతే ఆ ప్రశ్న.

ఒకరోజు బోర్డు మీద ఫోకస్ అని రాశారు. మాకు ఫోకస్ అంటే పెండ్లి పందిట్లో వేసే పెద్ద లైటు. అదే చెప్పాం. నవ్వి, "ఆ లైటు నీ తలకాయల ఏస్తే ఏమైతదో అది" అన్నారు. మర్నాటికి మేం తెచ్చిన మాటలు ఇప్పటికీ నోటికి ఉన్నాయి. "పాలు పొంగుతయ్, జర కన్నేసి ఉంచు", ఒకడి నాయనమ్మ. "సోయి ఉండి నడుస్తున్నవా?", ఇంకొకడి అన్న. "లారీ ఎనక్కొస్తున్నది, నజర్ పెట్టు", మఠంపల్లి వైపు నుంచి వచ్చే అమ్మాయి వాళ్ళ నాన్న, సున్నపురాయి గనిలో పనిచేసేవాడు. "నీ ధ్యాసంత ఏడుంది, నాట్లు వంకర పోతున్నయ్", ఇంకొకరి మేనత్త. మా నాన్న బియ్యం మిల్లులో మిషన్ దగ్గర ఉండేవాడు. నేనాయన మాట తెచ్చాను. "చెవి ఆడనే పెట్టు, రాయి వడితె సప్పుడు మారుతది."

చివరి బెంచీలో ఒకమ్మాయి లేచి, "మా బర్రె ఈనుతదని మా అమ్మ దాని పక్కన్నే కూసున్నది మేడమ్" అని చదివింది. తరగతి మొత్తం పకపకా నవ్వింది. అందులో ధ్యాస లేదు, నజర్ లేదు, అడిగిన మాటే లేదు! మేడమ్ సుద్దముక్క కింద పెట్టారు.

"నవ్వకుండ్రి. మీరంత మాటలు తెచ్చిండ్రు, ఈమె పని తెచ్చింది. వాళ్ళమ్మ బర్రె కాడ కూసొని ఏం మాట్లాడుతది? ఏం మాట్లాడది. గదే ఫోకస్."

ఆ తర్వాత చెప్పిన మాటకు నాకు ఇప్పుడే అర్థం తెలిసొస్తోంది. "కాన్సంట్రేట్ చేసుడు నీకోసం నువ్వు చేసుకునేది. అటెన్షన్ అట్ల కాదు, ఇంకొకరికిచ్చేది. మనోళ్ళు సూడు, చెవి పెట్టు అంటరు, మనసు పెట్టు అంటరు. అన్నం పెట్టినట్టే. ఎదుట మనిషి లేకుంటె ఎవరికి పెడతవ్?"

నా మొదటి వ్యాసం పత్రికలో వచ్చినప్పుడు కత్తిరించి ఆమెకు పంపాను. పొగుడుతారనుకున్నాను. ప్రజలు భావిస్తున్నారు, సమాజం కోరుకుంటోంది అని నేను రాసిన ప్రతిచోటా కింద ఎర్రగా గీత, పక్కన "ఎవరన్నరు?" ఆరేడు చోట్ల అదే. వారం రోజులు అలిగాను. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను కదా, ఆ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు నా దగ్గర.

నా కూతురు కూడా ఆమె దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుంది. పది పాసయ్యేదాకా ఆదివారాలు మేముండే కోదాడలో బస్సెక్కి హుజూర్‌నగర్ వెళ్ళి, సాయంత్రం ఏవో మాటలు మూటగట్టుకుని వచ్చేది. అలాంటి పిల్లను తీసుకెళ్ళి మిర్యాలగూడలో హాస్టల్ కాలేజీలో పడేశాను. అవును, నేనే. వేదికలెక్కి ఆ కాలేజీలను జైళ్ళనే నేనే. మరేం చెయ్యమంటారు, చుట్టూ అందరూ అదే చేస్తుంటే పిల్ల వెనకబడదా అని మీరు నా తరఫున వాదించకండి. ఆ వాదన నాకూ వచ్చు, మీకంటే బాగా చేస్తాను. చేసి చేసి నన్ను నేను ఒప్పించుకున్నాను కాబట్టే ఇది జరిగింది.

అక్కడ మార్కుల్లో ముందుండే పిల్లల గుంపుకు ఫోకస్ బ్యాచ్ అని పేరు పెట్టారు. నా కూతురు అందులోకి ఎక్కిందని మెసేజ్ వచ్చిన రోజు నేను సంతోషపడ్డాను. అదే వారం హాస్టల్ ఫోను నుంచి పిల్ల నాకు కాదు, మేడమ్‌కు చేసింది. ఆ మర్నాడు మేడమ్ నాకు చేశారు.

"కిటికీ అద్దాలకు రంగేసిండ్రంట బిడ్డా. బయట కనవడితె పిల్లల ఫోకస్ పోతదంట. ఒక్క మాటకు ఇరవై మాటలు బట్టీ వట్టిపిస్తున్నరంట, వాక్యం అడిగితె టైం లేదన్నరంట. పిల్ల గొంతు బాగలేదు. పోయి తోల్కరా."

"వింటున్న మేడమ్, చెప్పండి" అన్నాను. ఫోను స్పీకర్‌లో పెట్టి కంప్యూటర్ మీద టైపు చేస్తున్నాను. ఏం టైపు చేస్తున్నానంటారా? ప్రైవేటు విద్య మీద వ్యాసం. మర్నాటికి ఇవ్వాలి.

"ఏదో టకటక ఇనవడుతున్నది?" అన్నారు.

"ఏం లేదు మేడమ్. ఆదివారం పోత."

ఆ ఆదివారం ఒక సభ ఉంది. తర్వాతి ఆదివారం ఇంకొకటి. మేడమ్ మళ్ళీ రెండుసార్లు చేశారు, రెండుసార్లూ అదే జవాబు చెప్పాను. ఆ తర్వాత చెయ్యలేదు.

దహనానికి పదిహేనుమందిమి వెళ్ళాం. బడిలో ఆమె చేతికింద ఎన్ని వందల మంది చదివారో! అంతా ముగిశాక చెల్లెలు ఆ నోట్‌బుక్ నా చేతిలో పెట్టి, "ఇది పిల్లకియ్యి. పిల్లను తోల్కరా. నాకేం చెప్పకు, తోల్కరా" అంది. అక్కడి నుంచి అటే మిర్యాలగూడ బస్సెక్కాను.

గేటు దగ్గర ఇన్‌చార్జి మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్ అంటే మీకేమైతరు సార్? చుట్టమా? చుట్టం కానోళ్ళు పోతె ఔటింగ్ లేదు. రూల్స్ కాయితం మీద మీరే సంతకం పెట్టిండ్రు కదా." నోట్‌బుక్ తిరగేసి, "ఇది సిలబస్‌ల లేదు, లోపలికి పోదు" అని తిరిగిచ్చాడు. సంతకం నాదే.

అయిదు నిమిషాలే మాట్లాడాలని చెప్పి పిల్లను పిలిపించారు. మేడమ్ సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. గోడ గడియారం వైపు చూసింది.

"పోదాం పద తల్లీ, బట్టలు సర్దుకో" అన్నాను.

"వద్దు నాన్నా. ఇప్పుడొస్తే ఫోకస్ పోద్ది. మళ్ళీ కింద బ్యాచ్‌లో ఏస్తారు."

"మేడమ్ నిన్ను తీసుకురమ్మన్నారు."

"అప్పుడు రావాల్సింది నాన్నా" అంది. కోపంగా కాదు. పాఠం అప్పజెప్పినట్టు అంది. బెల్లు కొట్టారు, వెళ్ళిపోయింది. ఇది మీరు చదివే నాటికి కూడా అక్కడే ఉంటుంది. నేను మళ్ళీ వెళతాను, అడుగుతాను. వస్తుందన్న ఆశ నాకు లేదు.

మిర్యాలగూడ బస్టాండులో కూర్చుని ఆ నోట్‌బుక్ తెరిచాను. మొదటి పేజీలో ఫోకస్ అని ఇంగ్లీషులో. కింద మా తరగతి మాటలన్నీ ఉన్నాయి. నాయనమ్మ పాలు, గని దగ్గర లారీ, మేనత్త నాట్లు. బర్రె పక్కన కూర్చున్న తల్లి ఒక పేజీ మొత్తం తీసుకుంది. మిల్లులో మా నాన్న మాట, దాని కింద మా నాన్న పేరు. ఆయన పేరు ఆయన పోయాక నేనెక్కడా రాయలేదు. ప్రతి వాక్యం పక్కనా ఎర్ర టిక్కు. అక్షరాలు వంకర పోతున్నాయి, అయినా టిక్కు మాత్రం నిబ్బరంగా ఉంది.

చివరి పేజీలో ఒకే వాక్యం.

"వింటున్న మేడమ్, చెప్పండి."

కింద నా పేరు. పక్కన టిక్కు లేదు. ఇంటూ కూడా లేదు. పెన్ను మొన ఆనించి, ఎటూ లాగకుండా చాలాసేపు ఉంచినట్టు ఒక ఎర్రచుక్క. సిరా కాగితంలోకి ఇంకి, వెనక అట్ట దాకా దిగింది.