వేలిముద్రకు ముందు

బందరు ఫ్రెంచిపేటలో కరీమున్నీసా దగ్గర ట్యూషను చదివిన ఆడపిల్లలెవరూ ఆవిడ శాంతమూర్తి అని చెప్పరు. తండ్రి పాండిచ్చేరి రేవులో పనిచేయబట్టి ఫ్రెంచి వచ్చింది. మొగుడు పోయాక ఆ ఫ్రెంచే కూడు పెట్టింది. ఫ్రెంచిలో 'ఇల్ ఫో', అంటే 'కావాలి', అన్న మాట వెనకొచ్చే క్రియల దగ్గర ఆవిడ కోపం మరీ హెచ్చు. జరిగినదానికి ఒక రూపం, జరగాల్సినదానికి మరొకటి. సూత్రాలకు లొంగని మొండి క్రియలైతే పోలికే మిగలదు: 'ఉంది' అంటే 'ఏ', 'ఉండాలి' అనేచోట 'స్వా'.

"జరగనిదాన్ని జరిగినట్టు రాస్తే అది తప్పు కాదే, అబద్ధం!" అని బల్ల గుద్దేది.

డెబ్భైతొమ్మిది వేసవిలో ఒక మధ్యాహ్నం దివిసీమ నుంచి భుజంగరావు వచ్చాడు. ఉప్పెన బాధితులకు ఇళ్లు కట్టించే సంఘానికి కార్యదర్శి. ఖద్దరూ చిరునవ్వూ రెండూ ఇస్త్రీ చేసినవే. వెంట సువార్తమ్మ, రెండేళ్ల కిందటి ఉప్పెనలో మొగుణ్ణీ గుడిసెనూ పోగొట్టుకున్న కూలిమనిషి. సాయం పంపిన ఫ్రాన్సు దాతలకు ఆమె పేర ఉత్తరం కావాలట. చిరునామా రాసిన కవరు కూడా తెచ్చాడు.

"'ఇల్లిచ్చారు, సుఖంగా ఉన్నాను' అని నాలుగు ముక్కలు రాయండి టీచరుగారూ."

రాసింది. అయితే ఆ ఇంట ఒక నియమం: ఎవరి వేలిముద్ర పడాలో వాళ్లకు ముందు తెలుగులో చదివి వినిపించాలి. చదివింది.

"ఏ ఇల్లమ్మగారూ?" అంది సువార్తమ్మ. "మా అక్కోళ్ల గొడ్లసావిట్లో ఉంటన్నా."

"పునాది తీశాం గదే!"

"దాంట్లో తమరి బావమరిది గడ్డివామేశాడు గదండీ."

భుజంగరావు నవ్వు చెదరలేదు. "దాతల మనసు నొప్పించకూడదు టీచరుగారూ. కృతజ్ఞత మన ధర్మం."

"పిల్లలు ఇలా రాస్తే మొట్టికాయ వేస్తాను. మీకెన్ని వేయమంటారు?"

ఉత్తరం నిలువునా చించింది. కొత్త కాగితం మీద ప్రతి వాక్యం 'ఇల్ ఫో'తోనే మొదలుపెట్టింది. కావాలి, కావాలి, కావాలి. మొండి క్రియలన్నీ దిగాయి. గబగబా రాసి, గట్టిగా చదివింది: "ఇల్లు ఉండాలి. కప్పు వేయాలి. మీరు రావాలి. మీ కళ్లతో చూడాలి. ఇక్కడేం జరుగుతోందో తెలుసుకోవాలి."

"వేలు పెట్టావో, ఇళ్ల లిస్టులో నీ పేరుండదు," అన్నాడు భుజంగరావు, ఈసారి నవ్వకుండా. కవరు కోసం చెయ్యి చాచాడు. కరీమున్నీసా దానిమీద అరచెయ్యి మోపింది.

సువార్తమ్మ ఆయన్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

"రెండేళ్లబట్టి ఉంది గదయ్యగారూ నా పేరు. దానికింద తడవకుండా పడుకున్నానా?" బొటనవేలు సిరాలో ముంచింది. "ఎక్కడెయ్యాలో చూపించండమ్మగారూ."