ఎనిమిది రోజులకొకసారి

మొన్న ఆదివారం మా అమ్మాయి వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన కుక్కను ఒళ్ళోకి లాక్కుని, మెడ వెనక బొచ్చు పాయ తీసి, వేలెడంత ప్లాస్టిక్ గొట్టం మూతి విరిచి నాలుగు చుక్కలు వేసింది. రక్తం పీల్చే గోమార్లు పట్టకుండా ఆ చుక్కలు నెలకొకసారి వేయాలట. కడుపులో పురుగులకు బిళ్ళ మూడు నెలలకొకసారి మింగించాలట, అదీ కుక్కను తూకం వేసి, బరువును బట్టి. చిన్న కూనలకైతే ఆ లెక్క వేరేనట. ఇదంతా ఇక్కడే నరసరావుపేటలో పశువుల డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. చుక్కల్లోంచి లేచిన ఘాటు వాసన ముక్కుకు తగిలేసరికి గోడ దాకా వెనక్కి జరిగాను. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. యాభై దాటిన మనిషిని, కుక్క మందు వాసనకు జడిశానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి, కానీ ముందు నేను చెప్పేది వినండి.

మా ఊరు కారంపూడికి నాలుగు మైళ్ళు. వాన పడితే కాళ్ళకు సేరు సేరు బంకమట్టి అంటుకునే నల్లరేగడి చేలు, ఎండాకాలం వస్తే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల కోరుకు ఊరంతా తుమ్ములే తుమ్ములు, చలికాలం పొద్దున్నే పెనం మీద జొన్నరొట్టె కాలుతుంటే ఆ మాడువాసనకే మెలకువ వచ్చేది. మా నాన్న కోపిష్టి. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు నాకు గుర్తే లేదు. అట్లాంటి మనిషి రొట్టె చేతికి రాగానే మొదటి ముక్క తుంచి, ఊదిఊది చల్లార్చి, గడప అవతల కూర్చున్న లిల్లీకి వేసేవాడు. లిల్లీ గోధుమరంగు నాటు కుక్క. దాన్ని సంత నుంచి తువ్వాల్లో చుట్టి తెచ్చింది ఆయనే, చేలో కూర్చుని దాంతో గంటలు గంటలు కబుర్లు చెప్పేదీ ఆయనే. మాతో మాట్లాడని మాటలన్నీ దాంతో మాట్లాడతాడని మా అమ్మ దెప్పేది.

ఆ రోజుల్లో కుక్కకూ పిల్లలకూ వేరే వేరే వైద్యాలు ఉండేవి కావు. ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కు ముందు శనివారం ఒకసారి, ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడు ఒకసారి, మా నాయనమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి ముక్కు మూసి ఆముదం పట్టేది. గొంతులో ఆ జిడ్డు దిగకముందే జీలకర్ర వేసిన వేడి చారు తాగించేది. మాతో పాటు లిల్లీకీ వేపాకు నూరి కలిపిన జొన్నన్నం ముద్ద, దాని మీద చెంచాడు ఆముదం. "కడుపున్న ప్రతిదానికీ పురుగులుంటయ్యే, దానికి మట్టుకు ఉండవా?" అనేది నాయనమ్మ. మేమూ అదీ ఆముదం తాగిన మొహాలు వేసుకుని దొడ్లో ఒకరినొకరు చూసుకునేవాళ్ళం. మూడు రోజుల తర్వాత అరిసెలు వండినప్పుడు, కడుపులు ఖాళీ చేసుకున్నది వీటి కోసమేనని మాకు అర్థమయ్యేది.

గోమార్లకు మందు మా వేళ్ళే. సాయంత్రం నాయనమ్మ పీట వేసుకుని లిల్లీని కాళ్ళ మధ్య పడుకోబెట్టేది. పక్కన సత్తుగిన్నెలో కాస్త కిరసనాయిలు. చెవుల్లో, వేళ్ళ సందుల్లో మినపగింజల్లా ఉబ్బిన గోమార్లను పట్టి పీకి గిన్నెలో వేయడం మాకు పెద్ద ఆట. ఎవరు ఎక్కువ పీకితే వాళ్ళకు బెల్లంముక్క. పీకడం అయ్యాక వేపనూనెలో పసుపు రంగరించి రాసేది. లిల్లీ పచ్చగా, పెళ్ళికూతురిలా తిరిగేది. ఎన్నాళ్ళకొకసారి అని ఎవరూ అడగలేదు. గోమారి కనిపించినప్పుడు పీకడమే.

తర్వాత పత్తి వచ్చింది. జొన్న వేసిన చేలన్నీ పత్తికి తిరిగాయి. పత్తితో పాటు పురుగు, పురుగుతో పాటు మందులు వచ్చాయి. వీపున పంపు కట్టుకున్న మనుషులు పొద్దుగూకే వేళకు మందు వాసనతో ఇళ్ళకు తిరిగొచ్చేవాళ్ళు. టీ కొట్టు దగ్గర "బాగున్నావా" పోయి "ఎన్నోసారి కొడతన్నావ్?" వచ్చింది. ఎక్కువసార్లు కొట్టినవాడు గొప్ప రైతు. ఎనిమిది రోజులకొకసారి అన్నది అందరి నోటా ఆజ్ఞలా ఉండేది. చల్లే రకం పురుగుమందు, బి.హెచ్.సి. పొడి గోతాలు గొడ్ల చావిట్లో తవుడు బస్తా పక్కనే ఉండేవి. ఆ పొడినే చిటికెడు తీసి మా తలల్లో పేలకు రుద్దేవాళ్ళు. రుద్ది, గుడ్డ కట్టి, పడుకోబెట్టేవాళ్ళు! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు ఊళ్ళో ఒక్కరికీ అది తప్పని తోచలేదు.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది ఎండాకాలంలో నాయనమ్మ పోయింది. వానలు వెనకబట్టి పత్తి పూత మీద ఉన్నప్పుడు లిల్లీ చొప్పవామి కింద నాలుగు కూనల్ని పెట్టింది. గోమార్లు పీకే చెయ్యి లేక దాని చెవులు నిండిపోయి ఉన్నాయి, కూనలకూ ఎక్కుతున్నాయి. ఒక ఆదివారం మా నాన్న పాత పంచె చింపి, బి.హెచ్.సి. పొడి మూటగట్టి, లిల్లీ వీపు మీద మెల్లగా తట్టాడు. తెల్లటి పొడి రాలింది. చేతులు కడుక్కుని, మూటను చావిడి చూర్లో దోపి మాకందరికీ చెప్పాడు.

"పత్తికి మల్లేనే, ఎనిమిది రోజులకోసారి నేను చల్లుతా. ఇంకెవరూ ముట్టుకోమాకండి. కూనల జోలికి అసలు పోమాకండి."

మర్నాడు బడికి పోతూ చూస్తే ఒక కూన చెవిలో గోమారి ఉంది. ఇంకా ఏడు రోజులు ఆగాలా? నాకు ప్రాణం ఒప్పలేదు. నాన్న చేలోకి పోయాడు, అమ్మ వాకిట్లో ఉంది. గొడ్ల కుడితి గాబు అంచు ఎక్కి చూర్లోంచి మూట తీశాను. లిల్లీకి తట్టాను. కూనల్ని ఒక్కొక్కటే వెల్లకిలా తిప్పి, ఎర్రటి పొట్టల మీద కూడా తట్టాను. అవి నా వేళ్ళు చీకుతూ కుయ్‌కుయ్‌మన్నాయి. ఎంత మంచిపని చేశానో అనుకుంటూ బడికి పోయాను. ఆ మరుసటి రోజూ చేశాను, ఆ తర్వాతా చేశాను. నాన్న కంటే నాకే దాని మీద ప్రేమ ఎక్కువని నాలో నేను మురిసిపోయాను.

శుక్రవారం ఒక కూన వణకడం మొదలుపెట్టింది. పురుగు కుడుతోందేమో అనుకుని ఇంకాస్త చల్లాను. చూశారా నా తెలివి! శనివారం మధ్యాహ్నానికి రెండు కూనలు కదల్లేదు. లిల్లీ నోట్లోంచి చొంగ కారుతోంది, పళ్ళు పటపట కొరుకుతోంది, పడుకునే పరుగెత్తుతున్నట్టు కాళ్ళు కొట్టుకుంటోంది. మా నాన్న దాని తల ఒళ్ళో పెట్టుకుని "ఏందే, ఏమైందే" అంటున్నాడు. ఆ గొంతు అంత మెత్తగా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు.

అప్పుడే మా చేలో మందు కొట్టి వచ్చిన యేసోబు మావ వీపున పంపు దించి, వంగి చూశాడు.

"బావా, ఇది పురుగు కాదు. దీనికి మందెక్కింది. పోయినేడు చేలో నేను పడిపోయింది ఇట్టాగే గందా, మంచం మీద మోసుకొచ్చారే! ఎంత చల్లావేంది?"

"ఒక్కసారే గదరా," అన్నాడు నాన్న.

"ఒక్కసారికి ఇంత కాదులే," అన్నాడు యేసోబు మావ.

కుంకుడుకాయ నీళ్ళు బిందెలు బిందెలు పోసి కడిగారు. పొడి కరిగి తెల్లగా కాలవ కట్టింది. మిగిలిన రెండు కూనలూ ఆ తడిలోనే పోయాయి. తెల్లారేసరికి లిల్లీ కూడా లేదు. చుట్టుపక్కల వాళ్ళంతా పోగై చూస్తుండగా మా అమ్మ, చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని, నాన్న మీద విరుచుకుపడింది.

"నీ చేత్తోనే చంపావు గదయ్యా దాన్ని! కుక్కనుకున్నావా, పత్తి చేననుకున్నావా?"

ఆయన ఎదురు చెప్పలేదు. అదే చాలా వింత, మజ్జిగలో ఉప్పు ఎక్కువైతే గిన్నె విసిరే మనిషి. అయిదింటినీ గోతంలో వేసుకుని, పార భుజాన పెట్టుకుని ఒక్కడే చేలోకి పోయాడు. అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. మొదట తంతాడని భయం. తర్వాత సిగ్గు. పెద్దదాన్నయ్యాక, పాత సంగతి ఇప్పుడెందుకులే అన్న బద్ధకం. ఆ తర్వాత ఎవరు కూన ఇస్తామన్నా నాన్న "నా చెయ్యి మంచిది కాదయ్యా" అని తప్పుకునేవాడు. రొట్టె చేతికొస్తే మొదటి ముక్క కాసేపు అట్లాగే పట్టుకుని, తర్వాత తినేవాడు. అది చూస్తూ కూడా నేను చెప్పలేదు. ఆయన పోయి పదకొండేళ్ళయింది.

ఇప్పుడు ఆ చావిడి లేదు, అక్కడ మా తమ్ముడి ట్రాక్టరు ఉంటుంది. ఆ పొడిని నిషేధించారు. పీట వేసుకుని గోమార్లు పీకే నాయనమ్మలూ లేరు, మినపగింజంత గోమారిని చూస్తే మా అమ్మాయి కెవ్వున అరుస్తుంది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చేసింది. మొన్న చుక్కలు వేయడం అయ్యాక మా అమ్మాయి చేతులు కడుక్కుంటూ, "ఇది నేనొక్కదాన్నే వేస్తా, మీరెవరూ వేయొద్దు. ఇంట్లో ఒకరికి తెలీకుండా ఒకరు వేస్తే డబుల్ డోసయి ప్రాణం మీదకొస్తదన్నాడు డాక్టరు," అంది. అక్కడే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ చేతులు ఆగిపోయాయి.

అమ్మాయి లోపలికి పోయింది. నేను ఇక ఆగలేకపోయాను. గాబు, మూట, కూనల పొట్టలు, అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఇంకో చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది.

"మద్దేనాలు నేనూ చల్లానే," అంది. "తమ్ముడి ఉయ్యాల కింద పడుకునేది గందా. పసోడికి గోమార్లు ఎక్కుతయ్యని, రోజూ చల్లా."

చిక్కుడుకాయలు పక్కకు జరిపి అడిగాను, "మరి నాన్నను అంతమందిలో అంత మాట ఎందుకన్నావమ్మా?"

"నేను అనకపోతే, నువ్వేమైనా చల్లావా అని ఆయన నన్నడుగుతాడని భయమేసింది. ఆయన ఒక్కసారే చల్లాడని నాకు తెలుసే."

నాకూ తెలుసు. ఎనిమిది రోజులు తిరక్కముందే అంతా అయిపోయింది, ఆయన చల్లింది ఆ ఒక్క ఆదివారమే. ఇంట్లో ఇద్దరికి తెలుసు, మా ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆయనతో ఒక్క ముక్క అనలేదు.