పిడుగు నిద్రపోయిన మధ్యాహ్నాలు

ఆమెను అందరూ గుండీలమ్మ అనేవారు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో గుండీల మిషను ముందు వయసంతా కరిగించి, మోకాళ్లు మొరాయించాక ఇంటికి చేరిన మనిషి. ఇంటికొచ్చినా గుండీలు ఆమెను వదల్లేదు. ఫ్యాక్టరీవాళ్లు చొక్కాల మూటలు ఆమె అద్దెకుంటున్న మేడ మీది రెండు గదుల ఇంటికే పంపేవారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని చేత్తో గుండీలు కుట్టి వెనక్కి పంపేది. మొగుడు పోయినప్పుడూ బెదరలేదు, ఫ్యాక్టరీ మూతపడబోయినప్పుడూ బెదరలేదు. అలాంటిది, ఆరేళ్ల మనవరాలు బడి నుంచి వచ్చే వేళ అవుతోందంటే చాలు, అరచేతులు చెమట పట్టి సూది జారిపోయేది.

మనవరాలికి పెట్టిన పేరు బళ్లో హాజరు పిలవడానికే పనికొచ్చేది. ఇంట్లోనూ వీధిలోనూ అది పిడుగు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక గట్టిగా పట్టుకున్న మాట ‘ఊహూఁ’. చెప్పులు తొడుక్కోమంటే ఊహూఁ, వద్దంటే ఊహూఁ. అక్కడితో ఆగితే ఏ ఇంట్లోనైనా ఉండే భాగోతమే. కానీ దానికి కోపం వస్తే ఇల్లు పీకి పందిరేసేది. పెన్సిల్ ముల్లు విరిగిందని పక్కపిల్ల చెవి కొరికింది. నీలం గ్లాసులో కాక వేరే గ్లాసులో పాలు పోశారని గోడకేసి తల బాదుకుంది. ఒకసారి గుండీల డబ్బా ఎత్తి కిటికీలోంచి వీధిలోకి గుమ్మరించి, అవి గంతులేస్తుంటే పకపకా నవ్వింది. కొట్టడానికి చెయ్యెత్తిన అమ్మమ్మ ఆ నవ్వు చూసి ఎత్తిన చేత్తోనే దాన్ని దగ్గరికి లాక్కుంది.

అల్లుడు ఈ గోల పడలేక ఎక్కడో దూరాన పని చూసుకుని, ఫోన్లో మాత్రం తండ్రిగా మిగిలాడు. కూతురిది టోల్‌గేటులో టికెట్లిచ్చే ఉద్యోగం. ఎప్పుడు ఏ షిఫ్టు పడుతుందో దానికే తెలియదు. పిల్ల భారమంతా గుండీలమ్మ మీదే.

ఒకరోజు బళ్లో టీచరు ఆమెను పక్కకి పిలిచింది.

“అమ్మమ్మగారూ, ఇది ఉత్త అల్లరి కాదండీ. పిల్లల మనసు చూసే డాక్టర్లుంటారు. ఒకసారి చూపించండి.”

గుండీలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. “పాలపళ్లు రాలని పిల్లకి పిచ్చి అంటగడతావా? నా కూతుర్ని నేను ఒక్క కంటిచూపుతో పెంచాను, తెలుసా!”

ఇంటికొచ్చి కూతురికి సగమే చెప్పింది. “సెలవు దొరికితే తీసుకెళ్దాంలే అమ్మా,” అంది కూతురు. ఆ సెలవు దొరకనే లేదు.

కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. రక్తపోటు మనిషి. పైన గోల మొదలవగానే కర్రతో పైకప్పు పొడిచేది. ఆ టకటకలు వింటే పిడుగు ఇంకా రెచ్చిపోయి కాళ్లతో నేల దబదబా బాదేది. చివరికి ఆవిడ మెట్లెక్కి వచ్చి చెప్పేసింది. “గుండీలమ్మా, మీరంటే నాకు గౌరవమే. కానీ ఇలాగైతే వేరే ఇల్లు చూసుకోండి.”

ఆ వారమే పిల్లకి జలుబు చేసింది. మందుల షాపులో అడిగి సిరప్పు తెచ్చి పట్టించింది గుండీలమ్మ. పిడుగు చాప మీద ఒరిగి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఇంట్లో ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ ఫ్యానుకి చప్పుడుందని ఆమెకు అంతకుముందు తెలియదు. ఆ మధ్యాహ్నం మూటంతా కుట్టేసింది. వేడిగా అన్నం తింది.

జలుబు తగ్గింది. సిరప్పు ఇంకా మిగిలింది.

‘ముక్కు కాస్త తడిగానే ఉందిలే’ అనుకుని మళ్లీ పాలల్లో కలిపింది. తర్వాత ముక్కు చూడ్డం మానేసింది. షాపు కుర్రాడు “మళ్లీ జలుబేనా అమ్మమ్మగారూ?” అని అడిగిన రోజు నుంచి ఆమె వేరే వీధిలోని షాపుకి నడవసాగింది.

ఇంటావిడ కర్ర మూలన పడింది. కూతురు డ్యూటీ దిగి వచ్చి నమ్మలేనట్టు చూసేది. “అమ్మా, ఏం మంత్రం వేశావ్ దీనికి?”

“పెంపకం,” అంది గుండీలమ్మ. ఆ మాట అనేసరికి వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది.

పిల్ల బళ్లో బెంచీ మీద తల వాల్చేస్తోందని కబురొచ్చింది. ఒకనాడు మెట్ల మీద కాలు తడబడి పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఏడవలేదు. గుండీలమ్మ దాని మోకాలు కడుగుతుంటే పిల్ల అడిగింది.

“అమ్మమ్మా, నేను మంచిదాన్నయ్యానా?”

“అయ్యావే తల్లీ.”

“నిద్రొస్తోంది.”

మర్నాడు సీసా దాచేసింది. ఇక వద్దనుకుంది. కానీ ఆపేసరికి పిడుగు ఇదివరకటికి రెండింతలైంది. కుర్చీ విరిగింది, అమ్మమ్మ మణికట్టు మీద పంటి గాట్లు పడ్డాయి, కింద కర్ర మళ్లీ లేచింది. సీసా మళ్లీ బయటికొచ్చింది. ఇప్పుడు పాతంత సరిపోవడం లేదని ఇంకాస్త ఎక్కువ పోసింది.

ఓ రోజు పొద్దున పిల్లకి ఒళ్లు కాలిపోయింది. కూతురు వీధి చివరి డాక్టరుకి చూపించుకొచ్చి, పరుగున డ్యూటీకి వెళ్తూ మెట్ల మీంచి అరిచింది. “మందు పట్టానమ్మా! పడుకోబెట్టు!”

జ్వరం మందు అనుకుంది గుండీలమ్మ. అందులోనూ నిద్ర తెప్పించే ఆ సరుకే ఉందని, అట్ట మీద పేరు మాత్రమే వేరని ఆమెకెలా తెలుస్తుంది? సాయంత్రానికి మూట పంపాలి. పిల్ల మూలుగుతోంది. అలవాటు చొప్పున పాలు కలిపి తాగించింది.

మధ్యాహ్నం ఇంటావిడ పైకొచ్చింది. “ఇల్లు ఖాళీ చేయక్కర్లేదని చెబుదామని వచ్చానండీ. పిల్ల బాగా కుదురుకుంది,” అంటూ చాప వైపు చూసి ఆగిపోయింది. “ఇదేంటి, పెదాలు ఇలా నీలంగా ఉన్నాయి?”

గుండీలమ్మ సూది వదిలేసి పిల్ల మీదికి వంగింది. పిలిచింది, కుదిపింది. మెడ వాలిపోయింది. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. ఇంటావిడే పిల్లని భుజానేసుకుని రక్తపోటు మాట మరిచి మెట్లు దిగింది, తన పాత కారు తీసి ఆస్పత్రికి పోనిచ్చింది.

కూతురు టోల్‌గేటు యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చింది. పిల్లని లోపలికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ బయటికొచ్చి అడిగింది. “పాపకి ఏం ఇచ్చారు?”

కూతురు మందు చీటీ చూపించింది. “ఇదేనండీ. నేనే పట్టాను. కొలత తప్పానేమో... నేనే చంపుకున్నానేమో...”

గుండీలమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.  నేరం కూతురి నెత్తిన కూర్చుంది. తను నోరెత్తకపోతే అక్కడే ఉండిపోతుంది. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“దాని తప్పు కాదమ్మా, జలుబు సిరప్పు నేనిచ్చాను,” అంది. “ఇవాళే కాదు. రోజూ ఇస్తున్నాను. పిల్ల పడుకోవాలని.”

కూతురు తల్లి వైపు తిరిగింది.  ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

పిల్ల బతికింది. మర్నాడు కళ్లు తెరిచి, చేతికి గుచ్చిన సూది చూసి నర్సు ట్రే కాలితో తన్నేసింది. ఆ చప్పుడు వరండాలోకి వినిపించి గుండీలమ్మ భోరుమంది.

తర్వాత పిల్లల మనసు చూసే డాక్టరు దగ్గరికి చాలా రోజులు తిరిగారు. పిల్లకి నిలకడ లేకపోవడమూ, కోపం అదుపులో ఉండకపోవడమూ రెండూ ఎదుగుదలలో వచ్చిన చిక్కులేనని, అది పొగరూ కాదు, పెంపకం తప్పూ కాదని ఆయన విడమరిచి చెప్పాడు. పెద్దవాళ్లు నేర్చుకోవలసిందే ఎక్కువ ఉందన్నాడు. మధ్యాహ్నం డ్యూటీలు పడకుండా కూతురు పైవాళ్ల కాళ్లావేళ్లా పడింది. ఇంట్లోని మందులన్నీ అలమరాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. ఆ తాళం గురించి తల్లీ కూతుళ్లు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కొన్ని నెలలకి, తప్పనిసరై, కూతురు ఒక మధ్యాహ్నం పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లింది. గంట గడవకముందే పిడుగు మొదలెట్టింది. గుండీలమ్మ డాక్టరు నేర్పినట్టే చేసింది. పదునైనవన్నీ తీసేసింది, గొంతు పెంచలేదు, దూరంగా నేల మీద కూర్చుంది. పిల్ల అరుపులు తారస్థాయికి వెళ్లాయి. గుండీలమ్మ చూపు అలమరా మీద పడింది. తాళం ఎంత గట్టిదో, సుత్తి ఎక్కడుందో లెక్కలు వేస్తున్నట్టు తనకే తెలిసొచ్చింది.

ఆమె లేచి తలుపు బార్లా తీసి, మెట్ల మీంచి కిందికి పిలిచింది.

“అమ్మగారూ, కాస్త పైకొచ్చి కూర్చుంటారా? నేను ఒక్కదాన్నే ఉండకూడదు.”

ఇంటావిడ రొప్పుతూ వచ్చింది. “పిల్లంటే భయంగా ఉందా?”

“పిల్లంటే కాదండీ,” అంది గుండీలమ్మ.

ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఇద్దరికీ మధ్య కూర్చుంది. లోపల పిడుగు నేలని బాదుతూనే ఉంది.