మా బావగారి స్పర్శరేఖలు

మా బావగారు పోయారన్న కబురు నేను దుకాణంలో ఉండగా వచ్చింది. ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసి, "అయిపోయిందిరా, వచ్చెయ్" అంది. చేతిలో బిల్లు సగం రాసి ఉంది. దాన్ని పూర్తి చేసి, పక్క కుర్చీలో ఉన్నతనికి అప్పగించి మెట్రో ఎక్కాను. డయాలసిస్ మొదలైన నాటి నుంచి మేమంతా ఎదురుచూస్తున్న కబురే. అయినా దిగవలసిన చోట దిగకుండా ముందుకు పోయాను.

నేను రోజూ రాసేది జమాఖర్చు మాత్రమే. మనుషుల గురించి రాయడం నాకు అలవాటు లేదు. కానీ ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. తమకు పాఠం చెప్పిన మనిషి ఎలా చెప్పారో వాళ్ళకు పూర్తిగా తెలియదు. అది తెలిసినవాళ్ళం అక్కా, నేనూ. అక్క రాయదు.

ఆయన కాకినాడ వైపు మనిషి. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పదకొండు, పన్నెండు తరగతులకు గణితం చెప్పేవారు. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన మనిషి ఢిల్లీలో ఎలా నెగ్గుకొచ్చారని ఎవరైనా అడిగితే నవ్వేవారు. "అవకలజం అక్కడా అవకలజమే, ఇక్కడి హిందీ పుస్తకంలోనూ అవకలజమే. స్పర్శరేఖ కూడా అంతే. ఢిల్లీ వచ్చాక నేను కొత్తగా నేర్చుకున్నది రోడ్డు దాటడం ఒక్కటే" అనేవారు. వాళ్ళది రెండో అంతస్తు. నాది అదే ఇంట్లో కింద గది. భోజనం అక్క దగ్గరే.

షుగర్ జబ్బు ముందు ఆయన కళ్ళ మీద పడింది. కంటి వెనక పొరలో రక్తం కారుతోందని డాక్టర్ చెప్పాడు. సూదులు వేశారు, లేజర్ పెట్టారు. చూపు కొన్నాళ్ళు నిలబడి, మళ్ళీ జారిపోయేది. చివరికి ఆయనకు వెలుతురు ఎటుందో తెలిసేది, మనిషి ఆకారం తెలిసేది, అక్షరం తెలిసేది కాదు. ఆ సంగతి కోచింగ్‌లో చెప్పవద్దని మా ఇద్దరితో మాట తీసుకున్నారు.

"తెలిస్తే ఆ రోజే దండ వేసి సాగనంపుతారు. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకో పని రాదు. ఇంట్లో కూచుని నీ మొహం చూద్దామన్నా కనపడదాయె" అన్నారు నాతో.

అప్పటి నుంచి ఆయన కళ్ళు నేనయ్యాను. దుకాణం నుంచి త్వరగా వచ్చేసి, సాయంత్రం క్లాసుకు వెంట వెళ్ళి, రాత్రి మర్నాటి పాఠంలోని లెక్కలు పైకి చదివి వినిపించేవాణ్ణి. నేను పదో తరగతితో ఆపినవాణ్ణి. హిందీ, లెక్కలు రాయడం, బిల్లులు వేయడం అన్నీ సొంతంగా నేర్చుకున్నవే. డివై బై డిఎక్స్ కనపడితే, పైనా కిందా ఉన్న డి కొట్టివేయవచ్చు కదా అన్నాను ఒకసారి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి పడీ పడీ నవ్వారు.

"వింటున్నావటోయ్? మీ తమ్ముడు గణిత శాస్త్రాన్ని రెండు గీతలతో కొట్టేశాడు" అని అక్కను కేకేశారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "ఏమోయ్ బావమరిదీ, రోజూ దుకాణం కట్టేసేటప్పుడు నిల్వ చూసుకుంటావు కదా? ఎంత ఉందో అది చెబుతుంది. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి గల్లా ఏ జోరున నిండుతోందో చెబుతుందా? చెప్పదు. పన్నెండుకీ, పన్నెండున్నరకీ మధ్య ఎంత వచ్చిందో చూడు. తర్వాత పన్నెండుకీ, పన్నెండూ పదికీ మధ్య చూడు. ఇంకా దగ్గరికి రా. అలా వస్తూ వస్తూ ఉంటే ఒక విలువ దగ్గర స్థిరపడుతుంది. ఆ జోరే అవకలజం. ఆ జోరునే గీతగా గీస్తే స్పర్శరేఖ."

నా వయసు అప్పటికి నలభై దాటింది. అంత వయసులో ఒక విషయం అర్థమైనప్పుడు కలిగే సంతోషం ఎవరికీ చెప్పుకోలేం. నేను, సరే బావా, అని మాత్రం అన్నాను.

ఇంకో మాట పిల్లలకు తరచుగా చెప్పేవారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందే ఎక్స్ స్థానంలో మూడో, నాలుగో పెట్టేసి, ఆ తర్వాత అవకలనం చేస్తారు. జవాబు సున్నా వస్తుంది. "మనిషిని మేకు కొట్టి నిలబెట్టి, ఎటు పోతున్నావు బాబూ అని అడిగినట్టుంది. ముందు నడవనియ్యండి, తర్వాత ఆపండి" అనేవారు.

క్లాసులో నేను ముందు బల్ల చివర కూర్చునేవాణ్ణి. ప్రశ్నపత్రాలు అందించే అసిస్టెంట్‌నని పిల్లలు అనుకున్నారు. ఆయన బోర్డు దగ్గరికి వెళ్ళి, ఎడమ అరచేత్తో దాని అంచు వెతుక్కుని, భుజం నుంచి చేయి ఒక్కసారి తిప్పి వక్రాన్ని గీసేవారు. తప్పిపోకుండా ఒక బిందువు మీద ఎడమ బొటనవేలు ఆనించి, దాని ఆధారంగా గీత లాగేవారు. వేలు తీసేసరికి అక్కడి మార్కర్ రంగు చెరిగి, గీతకూ వక్రానికీ మధ్య చిన్న ఖాళీ మిగిలేది. పిల్లలు దాన్ని కూడా పాఠమే అనుకున్నారు. "సర్ కావాలనే ఖాళీ వదులుతారు, అవధి అంటే దగ్గరికి పోవడమే కానీ చేరడం కాదు కదా" అని ఒక కుర్రవాడు పక్కవాడికి చెబుతుంటే విన్నాను. ఇంటికి వచ్చి చెబితే బావగారు చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "ఎన్నాళ్ళు లాగుతానంటావు?" అని అడిగారు.

ఎన్నాళ్ళో లాగలేదు. ఒకరోజు ఎక్స్ ఘనం వక్రం గీశారు. ఒకటి దగ్గర వాలు మూడు, స్పర్శరేఖ వై సమానం మూడు ఎక్స్ మైనస్ రెండు అని చెబుతూ, బొటనవేలు ఆనించి గీతను రెండు వైపులా పొడుగ్గా లాగారు. వెనక నుంచి ఒక కుర్రవాడు లేచాడు.

"సర్, లైన్ గలత్ హై. వక్రాన్ని కాట్ రహీ హై."

గీత తప్పు, వక్రాన్ని కోస్తోంది అంటున్నాడు. స్పర్శరేఖ ఒక్కచోటే తాకాలని, ఇంకెక్కడా కోయకూడదని వాడి నమ్మకం. కింది తరగతుల్లో వృత్తం దగ్గర నేర్చుకున్న మాట అది. బావగారు మార్కర్ పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ క్షణం ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ గీత నిజంగా కోయవలసిన చోట కోసిందో, తన చేయి జారి ఇంకెక్కడైనా కోసిందో ఆయనకు తెలియదు. బొమ్మ ఎదురుగానే ఉంది.

"కహాఁ?" అని అడిగారు.

"యహాఁ, సర్" అని కుర్రవాడు వేలు చూపించాడు.

"యహాఁ అంటే ఎక్కడ బేటా?"

"అరే సర్, సామ్‌నే హై. దిఖ్ నహీఁ రహా క్యా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదురుగా ఉన్నది కనపడడం లేదా అని వాడు వేళాకోళానికి అన్నాడు. కానీ అన్నాక వాడికే అర్థమైంది. నేను నా జన్మలో నలుగురిలో గొంతెత్తి మాట్లాడింది లేదు. "ఎడమ వైపు, కింద. మైనస్ రెండు దగ్గర" అన్నాను తెలుగులో.

బావగారి భుజాలు కిందికి దిగాయి. "అయితే గీత సరిగ్గానే ఉంది" అన్నారు. ఎక్స్ ఘనాన్ని మూడు ఎక్స్ మైనస్ రెండుతో సమానం చేసి, కారణాంకాలు విడదీసి, ఎక్స్ విలువగా ఒకటి అన్నది రెండుసార్లు వస్తుందని, మైనస్ రెండు అన్నది ఒకసారి వస్తుందని నోటితోనే చేసి చూపించారు. "స్పర్శరేఖ మాట ఇచ్చింది ఆ ఒక్క బిందువు దగ్గరే. దూరం పోయాక అది ఎవరిని కోసినా మనం అడగలేం" అని హిందీలో చెప్పారు. నేను విన్న ఆయన పాఠాలన్నిటిలోనూ అదే గొప్ప పాఠం. పిల్లలెవరూ రాసుకోలేదు. అందరూ ఆయన కళ్ళ వంకే చూస్తున్నారు.

కోచింగ్ యజమాని మర్యాదస్తుడు. మర్నాడు టీ తెప్పించి, "సర్ జీ, ఇక ఆరామ్ కీజియే" అన్నాడు, విశ్రాంతి తీసుకోమని. బావగారు టీ తాగకుండా లేచారు. మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని, "లెక్క తప్పయినా బాగుండేదోయ్" అన్నారు.

ఇంట్లో పాఠాలు చెబుతానని నలుగురికీ కబురు పెట్టారు. కొందరు వచ్చి, చూసి, మానేశారు. చివరికి మయూర్ విహార్ నుంచి ఒక తెలుగు గుమస్తా గారి అమ్మాయి మిగిలింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతుంది. ఆ పిల్లకు పెన్ను గట్టిగా నొక్కి రాసే అలవాటు. ఒకరోజు నోట్సు బావగారి చేతికిస్తే, ఆయన వేళ్ళు కాగితం వెనక ఉబ్బిన గీతల మీద ఆగాయి.

"ఇదేంటమ్మా, రాస్తున్నావా, చెక్కుతున్నావా?"

అప్పటి నుంచి కాగితం కింద పాత వార్తాపత్రికలు పరిచి, బొమ్మలు నొక్కి గీసేది. ఆయన వెనక్కి తిప్పి, వేలితో చదివి తప్పులు పట్టేవారు. వెనక నుంచి చదివితే ఎక్కే గీత దిగుతున్నట్టు ఉంటుంది. మొదటిరోజు ఆయన "వాలు మైనస్ నాలుగు" అనగానే, ఆ పిల్ల "ప్లస్ హై అంకుల్, ఆప్ ఉల్టా పఢ్ రహే హైఁ" అని నవ్వింది. "ఔను కదూ, గుర్తు మార్చుకోవాలి" అని ఆయనా నవ్వారు. కోచింగ్ మానేశాక ఆయన అలా నవ్వడం అదే మొదలు.

తర్వాత కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కు వెళ్ళి వచ్చిన రోజు పడుకునే ఉండేవారు. మిగతా రోజుల్లో గోడకు ఆనుకుని పాఠం చెప్పేవారు. ఆపైన వేళ్ళ కొసలు మొద్దుబారడం మొదలైంది. అది కూడా ఆ జబ్బు పనే. వేడి గ్లాసు పట్టుకుని వదలకపోతే అక్క గమనించింది. ఆయన మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రిలో చేర్చడానికి ముందు, ఆ పిల్ల చివరిసారి వచ్చింది. బోర్డు పరీక్షలు దగ్గరపడ్డాయి. వక్రం గీసి, స్పర్శరేఖ గీసి, కాగితం వెనక్కి తిప్పి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన వేలు దాని మీద అటూ ఇటూ తిరిగింది.

"గీశావా అమ్మా?"

"హాఁ అంకుల్, హై."

"ఇంకొంచెం గట్టిగా గీయి."

మళ్ళీ గీసింది. ఆయన మళ్ళీ వెతికారు. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఇంకా గట్టిగా నొక్కు తల్లీ, భయపడకు" అన్నారు. ఆ పిల్ల రెండు చేతులా పెన్ను పట్టుకుని లాగింది. కాగితం చిరిగింది. చిరిగిన కాగితాన్నే తిప్పి ఇచ్చి, పక్కనే ఉన్న నా వైపు చూసింది. నేను తల ఊపాను.

వేలు ఆ చీలికలో పడి ఆగింది.

"ఆఁ, ఇదిగో. దొరికింది" అన్నారు.

ఆయన వేలు ఆ చీలిక వెంట మెల్లగా పైకి జరిగింది. చీలిక అయిపోయిన తర్వాత కూడా, ఏమీ లేని నున్నటి కాగితం మీద, అదే వాలున పోతూ ఉంది.